సెకండ్ హ్యాండ్ టేబుల్ సా: బెంగళూరులో ఏ రకం కొనొచ్చు, ఏది వదిలేయాలి

బెంగళూరు పాత మిషన్ల మార్కెట్లో "టేబుల్ సా" (బల్ల మధ్యలోంచి పైకి లేచే గుండ్రటి బ్లేడుతో చెక్క కోసే మిషన్) అన్న ఒక్క పేరు మీద అరడజను రకాల సరుకు అమ్ముడవుతోంది. ఒక మనిషి చంకలో పెట్టుకుని మెట్లెక్కించే 25 కిలోల పోర్టబుల్ మిషన్‌ది అదే పేరు. పీణ్య పారిశ్రామిక వాడలో మాడ్యులర్ కిచెన్ షెడ్డు ఖాళీ చేస్తూ అమ్మే 800 కిలోల, పెద్ద షీట్లు కోసే ప్యానెల్ సాదీ అదే పేరు. ప్రకటనలో ఫొటో, హార్స్ పవర్, ధర తప్ప ఏమీ ఉండవు. ఆ మూడూ చూసి అడ్వాన్స్ పంపిస్తే తర్వాత చిక్కులే.

పాత మిషన్ కొనేటప్పుడు భాగాలను రెండు జాతులుగా విడదీసుకోవాలి. మోటారు, బెల్టు, బేరింగులు, కెపాసిటర్, స్టార్టర్, బ్లేడు ఎస్పీ రోడ్డు విడిభాగాల బజారులో ఒక పూటలో దొరుకుతాయి. ఇవి పాడైతే ధర తగ్గించమనాలి, మిషన్‌ను కాదనక్కర్లేదు. టేబుల్ ఉపరితలం, స్పిండిల్ (బ్లేడు బిగించే ఇరుసు), స్పిండిల్‌ను మోస్తూ లేపే, వంచే పోత ఇనుప దిమ్మ, ఫెన్స్ (చెక్కను ఆనించి తోసే అడ్డుపట్టీ) వేరే జాతి. వీటిలో ఏది పోయినా బాగుచేయించే ఖర్చుకు ఇంకో మిషన్ వస్తుంది. అమ్మేవాళ్లు మాత్రం కొత్త పెయింటు, కొత్త మోటారు చూపిస్తారు. మన చూపు రెండో జాతి మీద ఉండాలి.

పోర్టబుల్ రకం

బాష్ జీటీఎస్ 10 జె, డీవాల్ట్ డీడబ్ల్యూఈ 7492 లాంటివి. పది అంగుళాల బ్లేడు, 1800 నుంచి 2000 వాట్ల కార్బన్ బ్రష్‌ల మోటారు, మామూలు 230 వోల్ట్ల సింగిల్ ఫేజ్. ఇంట్లో 16 ఆంప్ సాకెట్ ఉంటే చాలు. అపార్ట్‌మెంట్లో, కారు పార్కింగులో, సైటు మీద పని చేసుకునేవాళ్లకు ఇదే తగిన రకం. చప్పుడు మాత్రం చెవులకు గట్టిగా తగులుతుంది. పక్క ఫ్లాటువాళ్లతో ముందే మాట్లాడుకోవడం మంచిది.

ఇందులో తేడా తెచ్చేది ఫెన్స్. డీవాల్ట్‌లో ఫెన్స్ ముందూ వెనకా పళ్ల పట్టీల మీద కలిసి జరుగుతుంది, కాబట్టి ఎక్కడ ఆపినా బ్లేడుకు సమాంతరంగానే ఉంటుంది. పాత మిషన్‌లో ఈ సుగుణం విలువ ఇంకా ఎక్కువ, ఎందుకంటే ముందువైపు మాత్రమే బిగిసే చవక ఫెన్స్‌లు వాడేకొద్దీ తోక ఊపుతాయి. 8×4 ప్లైవుడ్ షీటును నిలువునా సగం చేయాలంటే ఫెన్స్ బ్లేడుకు కుడిపక్క 610 ఎంఎం దాటి జరగాలి. 7492లో 825 ఎంఎం దాకా వెళ్తుంది. అంత జరగని చిన్న మిషన్ ఎంత చవకైనా అల్మరా పనికి ఇబ్బందే.

మోటారు పక్కనున్న మూతలు విప్పి బ్రష్‌లు బయటికి తీసి చూడండి. 6 ఎంఎం కంటే పొట్టిగా అరిగితే మార్చాలి, అది చిన్న ఖర్చే. మిషన్ ఆన్ చేసి గాలి సందుల్లోంచి చూస్తే బ్రష్‌ల దగ్గర సన్నటి నీలి నిప్పు రవ్వలు మామూలే. ఆ నిప్పు పసుపు రంగులో కమ్యుటేటర్ (బ్రష్‌లు రాసుకునే రాగి భాగం) చుట్టూ వలయంగా తిరుగుతుంటే ఆర్మేచర్, అంటే మోటారులో తిరిగే తీగచుట్ట పోయినట్టు. ఆర్మేచర్ మార్పిడితో పాత మిషన్ చవక కాస్తా పోతుంది. కాలిన వార్నిష్ వాసన వచ్చినా అదే సంగతి.

ఇంటీరియర్ కాంట్రాక్టర్ల నుంచి వచ్చే పోర్టబుల్ మిషన్లు రెండేళ్లకే బాగా అలిసిపోయి ఉంటాయి. రోజూ సిమెంటు దుమ్ములో పది గంటలు నడిచినవి అవి. ఇంట్లో సరదాకు కొని, తర్వాత తీరిక లేక అమ్మేవాళ్ల దగ్గర అదే మోడల్ సగం కూడా అరగకుండా దొరుకుతుంది. ఎత్తు తిప్పే చక్రాన్ని కింది నుంచి పైదాకా, కోణాన్ని 0 నుంచి 45 దాకా తిప్పి చూస్తే ఆ తేడా చేతికే తెలుస్తుంది. ఎక్కడా పట్టేయకూడదు, పళ్లు జారకూడదు. కొత్తదాని ఇప్పటి బిల్లు ధరలో 60 శాతానికి మించి అడిగితే వదిలేయండి. మిగతా 40 శాతానికి వారంటీ, అరగని గేర్లు వస్తాయి.

అమెరికా నుంచి సామానుతో వచ్చినవి

వైట్‌ఫీల్డ్, సర్జాపూర్ రోడ్డు వైపు ఇవి తరచుగా కనిపిస్తాయి. అక్కడినుంచి తిరిగొచ్చిన మనవాళ్లు ఇంటి సామానుతో తెచ్చుకున్న డీవాల్ట్ 7491 లాంటి మిషన్లు. ఫెన్స్, గార్డు, మైటర్ గేజ్ (అడ్డకోతలో కర్రను కోణంలో పట్టి తోసే పరికరం) అన్నీ పెట్టెలోనే భద్రంగా ఉంటాయి, చూడటానికి కొత్తగా ఉంటుంది. కానీ అది 120 వోల్ట్ల, 15 ఆంప్‌ల మిషన్. మన కరెంటుకు నేరుగా తగిలిస్తే ఆ క్షణమే కాలిపోతుంది. 230 నుంచి 110కి దించే ట్రాన్స్‌ఫార్మర్ కావాలి, అదీ 3 కేవీఏ తగ్గకుండా. లెక్క ప్రకారం 1800 వాట్లే అయినా, స్టార్టింగులో, మందపు చెక్కలో మోటారు లాగే కరెంటు దానికి మించి ఉంటుంది. అంత ట్రాన్స్‌ఫార్మర్ బరువు, ధర రెండూ తక్కువేం కావు.

బ్రష్‌ల మోటారుకు 60 హెర్ట్జ్, 50 హెర్ట్జ్ తేడా పట్టదు. అదే బ్రష్‌లు లేని అమెరికా ఇండక్షన్ మోటారు అయితే వేగం ఆరోవంతు తగ్గి, పైగా వేడెక్కుతుంది. దాని మోటారు మార్చడమే మేలు. ఇంకో ఇబ్బంది, స్పిండిల్ సైజు 5/8 అంగుళం, అంటే 15.88 ఎంఎం. మన దుకాణాల్లో బ్లేళ్లు ఎక్కువగా 25.4 లేదా 30 ఎంఎం రంధ్రంతో వస్తాయి. రంధ్రం తగ్గించే రిడ్యూసింగ్ వాషరు వదులుగా కూర్చుంటే బ్లేడు కేంద్రం తప్పి తిరుగుతుంది. ఈ ఖర్చులన్నీ తీసేసి ధర చెప్పేవాళ్లు దొరికితేనే తీసుకోవాలి.

కట్టర్ తిరగేసి బిగించిన బల్లలు

చేతి సర్క్యులర్ సానో, మార్బుల్ కట్టర్‌నో బల్ల కింద తలకిందులుగా బిగించి, ట్రిగ్గర్‌కు టేపు చుట్టి అమ్ముతుంటారు. రైవింగ్ నైఫ్ (బ్లేడు వెనక నిలబడి కర్ర ఎగిరి తన్నకుండా ఆపే రేకు) లేదు, గార్డు లేదు, చెయ్యి ఇరుక్కుంటే ఆపడానికి దగ్గర్లో స్విచ్చు లేదు. ఎంత చవకైనా కొనకండి.

లోకల్ పోత ఇనుప మిషన్

మైసూరు రోడ్డు టింబర్ యార్డ్ లేఅవుట్ చుట్టుపక్కల వర్క్‌షాపుల్లో ఇవే రాజ్యమేలాయి. పోత ఇనుప టేబుల్, కింద 2 లేదా 3 హెచ్‌పీ ఇండక్షన్ మోటారు, వీ బెల్టు, 12 అంగుళాల బ్లేడు. కొన్నింటికి పక్కనే చిత్రిక పట్టే ప్లానర్ కూడా కలిసి ఉంటుంది. చాలావాటిలో బ్లేడు కదలదు, టేబులే పైకీ కిందికీ జరుగుతుంది. ఏటవాలు కోత కావాలంటే టేబుల్నే వంచాలి, లేదా ఆ సౌకర్యమే ఉండదు.

టేకు, మద్ది, వేప లాంటి గట్టి కర్ర కోసేవాళ్లకు ఇదే సరైన మిషన్. 5×3 ద్వారబంధం ముక్కను 3 అంగుళాల మందంలో ఒకే కోతలో చీల్చాలంటే పది అంగుళాల బ్లేడు అంచు మీదే నిలుస్తుంది. 12 అంగుళాల బ్లేడు నింపాదిగా కోస్తుంది. ఇండక్షన్ మోటారు గంటల తరబడి నడిచినా అలవదు. ఏది పోయినా పక్క వీధి మెకానిక్కే బాగుచేస్తాడు. స్పిండిల్ చాలాసార్లు యూసీపీ 205 లాంటి ప్లమ్మర్ బ్లాకుల (బేరింగు దిమ్మల) మీద ఉంటుంది, అవి విడిగా దొరుకుతాయి.

లోపం ఎక్కడంటే, కచ్చితమైన ఫెన్స్ దాదాపు ఉండదు. యాంగిల్ ముక్కకు రెండు బోల్టులు, అంతే. ప్లైవుడ్, మైకా పనికి ఇది చాలదు. టేబుల్ బాగుంటే దానికి మంచి ఫెన్స్, పట్టాలు చేయించుకోవచ్చు. ఈ మార్పుకు సిద్ధపడేవాళ్లకు పెట్టిన డబ్బుకు ఇంతకంటే ఎక్కువ ఇచ్చే మిషన్ బెంగళూరులో లేదు. సిద్ధంగా లేనివాళ్లు దీని జోలికి వెళ్లకపోవడమే మంచిది.

ఒక లెక్క తప్పకుండా చూసుకోవాలి. మోటారు 1440 ఆర్‌పీఎం అయితే మోటారు పుల్లీ వ్యాసం స్పిండిల్ పుల్లీకి రెట్టింపు ఉండాలి, అప్పుడు బ్లేడు 2900 దగ్గర తిరుగుతుంది. 12 అంగుళాల బ్లేడుకు అది సరైన వేగం. మధ్యలో ఎవరో 2880 ఆర్‌పీఎం మోటారు వేసి పుల్లీలు మార్చకపోతే బ్లేడు 5700 దాటిపోతుంది. బ్లేడు మీద అచ్చేసిన గరిష్ఠ వేగం దాన్ని మించకపోతే అది ప్రాణం మీదికి తెస్తుంది. మోటారు నేమ్ ప్లేటు చదివి, రెండు పుల్లీలూ టేపుతో కొలిచాకే స్విచ్ వేయనివ్వండి.

క్యాబినెట్ సా

మోటారు లోపలే ఉండే బరువైన పెట్టె మిషన్. స్పిండిల్‌ను మోసే దిమ్మ టేబుల్‌కు కాకుండా పెట్టెకు బిగించి ఉంటుంది, కాబట్టి టేబుల్ బోల్టులు వదులు చేసి సమాంతరం సరిచేయడం తేలిక. ఇక్కడ అరుదుగా వస్తుంది. వస్తే వెళ్లి చూడాల్సిందే. మోటారు వెనక వేలాడే కాంట్రాక్టర్ సా ఇంకా అరుదు. అందులో దిమ్మ టేబుల్ అడుగుకే బిగించి ఉంటుంది, సరిచేయాలంటే కింద దూరాలి. మోటారు బరువుకు 45 డిగ్రీల దగ్గర సమాంతరం తప్పిందేమో కూడా కొలవాలి.

స్లైడింగ్ ప్యానెల్ సా

కామాక్షిపాళ్య, పీణ్య, బొమ్మసంద్ర షెడ్లలోంచి పాతవి బయటికి వస్తుంటాయి, ఎందుకంటే కిచెన్ తయారీదారులు బీమ్ సాలకు, కంప్యూటర్‌తో నడిచే సీఎన్‌సీ మిషన్లకు మారుతున్నారు. 18 ఎంఎం ప్లైకి మైకా అంటించిన షీట్లే మీ పని అయితే మిగతా రకాలన్నీ మర్చిపోయి ఇదే చూడండి. అసలు బ్లేడుకు ముందు చిన్న స్కోరింగ్ బ్లేడు ఎదురుదిశలో తిరుగుతూ షీటు అడుగున 1 నుంచి 2 ఎంఎం గీత పెడుతుంది. దాంతో కింది మైకా పొట్టు లేవదు. ఈ పని మామూలు టేబుల్ సా మీద 80 పళ్ల బ్లేడు వేసినా ఇంత శుభ్రంగా రాదు.

అయితే చోటు కావాలి. 3200 ఎంఎం క్యారేజి (షీటును మోస్తూ జరిగే బల్ల) అటూ ఇటూ పూర్తిగా జరగాలంటే ఆరున్నర మీటర్ల పొడవు ఖాళీగా ఉండాలి. కొలవకుండా కొన్న మిషన్ గోడకు కొట్టుకుంటూ సగం పనే చేస్తుంది.

క్యారేజి ఇందులో ప్రాణం. ఒక చివర దాకా లాగి, ముందు అంచును చేత్తో పైకీ పక్కకీ కదపండి. కొద్దిగా కదిలినా పట్టాలో, రోలర్లో అరిగాయి. తోసేటప్పుడు గరగరమంటే మురికి కావచ్చు, గుడ్డతో తుడిపించి మళ్లీ తోయండి. తుడిచాకా ఒకేచోట పట్టేస్తుంటే పట్టాకు గుంట పడింది.

తర్వాత ఐదు కోతల పరీక్ష చేయించండి. 600 ఎంఎం చదరపు ప్లై ముక్క తీసుకుని, కోసిన అంచునే ప్రతిసారీ ఫెన్స్‌కు ఆనించి నాలుగు వైపులా కోయాలి. ఐదోసారి మొదటి వైపే 20 ఎంఎం పట్టీ కోసి, దాని రెండు చివరల వెడల్పు వెర్నియర్‌తో కొలవాలి. ఒక చివర 20.0, రెండో చివర 20.8 వస్తే తేడా 0.8. దాన్ని 4తో భాగిస్తే 600 ఎంఎం పొడవుకు 0.2 తప్పు. ఈమాత్రం తప్పు ఫెన్స్ స్టాపర్ తిప్పి సరిచేసుకోవచ్చు. అదే పరీక్ష రెండుసార్లు చేస్తే రెండు వేర్వేరు అంకెలు వచ్చాయంటే క్యారేజిలో ఆట (వదులు) ఉంది, అది స్టాపర్‌తో పోదు. మూలమట్టం పెట్టి చూసి "కరెక్టుగా ఉంది" అనే అమ్మకందారు మాట ఇక్కడ చెల్లదు.

స్కోరింగ్ గీత అసలు కోతతో కలుస్తోందా అని కోసిన అంచును వేలితో తడిమి చూడండి. మెట్టు తగిలితే స్కోరింగ్ బ్లేడును పక్కకు జరిపే స్క్రూ పనిచేస్తోందో లేదో అక్కడికక్కడే తిప్పించండి. చాలా పాత మిషన్లలో అది తుప్పు పట్టి బిగుసుకుపోయి ఉంటుంది.

ఏ రకమైనా తప్పనిసరిగా చూడాల్సింది: స్పిండిల్

మాగ్నెట్ స్టాండ్ ఉన్న డయల్ గేజ్ (వందోవంతు ఎంఎం తేడాను ముల్లుతో చూపే సాధనం) వెంట తీసుకెళ్లండి. మిషన్ ప్లగ్ పీకించి, లేదా మెయిన్ ఆపించి, బ్లేడు విప్పించండి. బ్లేడు ఆనే లోపలి ఫ్లాంజ్ ముఖం తుడిచి, అంచు దగ్గర డయల్ ముల్లు ఆనించి, చేత్తో నెమ్మదిగా తిప్పండి. ఒక గీత అంటే 0.01 ఎంఎం. రెండు మూడు గీతల్లో ముల్లు ఆడితే మంచి స్పిండిల్. ఐదు గీతలు దాటితే ఔట్ ఉన్నట్టు, అంటే వంకరగా తిరుగుతున్నట్టు. ఫ్లాంజ్ దగ్గర ఐదు గీతలంటే తక్కువే అనిపిస్తుంది గానీ, 60 ఎంఎం ఫ్లాంజ్ మీద తప్పు 254 ఎంఎం బ్లేడు అంచుకు వచ్చేసరికి నాలుగింతలవుతుంది. 0.2 ఎంఎం ఊగే బ్లేడు కోత గరుకుగా పెడుతుంది, కర్రను కాల్చి నల్లచేస్తుంది, వెడల్పుగా కోస్తుంది.

డయల్ ఎక్కువ చూపించిందని వెంటనే తిరస్కరించకండి. ఫ్లాంజ్ మీద చిన్న ముల్లులాంటి బొడిపె ఉన్నా అలాగే చూపిస్తుంది. నూనె రాయితో మెల్లగా రుద్ది మళ్లీ కొలవండి. అప్పటికీ తగ్గకపోతే స్పిండిల్‌ను ముందుకూ వెనక్కూ లాగి చూడండి. ఆట తగిలితే బేరింగులు, కొన్ని వందల ఖర్చు. ఆట లేకుండా ఔట్ మాత్రమే ఉంటే స్పిండిలే వంగింది, ఆ మిషన్ వద్దు.

బ్లేడు కూర్చునే చోట షాఫ్ట్ మీద గాడి పడిందేమో గోరుతో తడమండి. నట్టు సరిగా బిగించక బ్లేడు జారుతూ తిరిగిన గుర్తు అది. ఆ గాడిలో కొత్త బ్లేడు కూడా కేంద్రం తప్పే కూర్చుంటుంది.

తర్వాత సమాంతరం. బ్లేడు మళ్లీ వేయించి, ఒక పన్నుకు మార్కర్‌తో గుర్తు పెట్టి, టేబుల్ మీది మైటర్ గాడి (మైటర్ గేజ్ జరిగే కాలువ) నుంచి ఆ పన్ను దూరం ముందువైపు కొలవండి. బ్లేడును తిప్పి అదే పన్నును వెనక్కి తెచ్చి మళ్లీ కొలవండి. తేడా 0.1 ఎంఎం లోపు ఉండాలి. ఎక్కువుంటే సరిచేసే బోల్టులున్నాయా అని చూడాలి. చవక పోర్టబుల్స్ కొన్నింటిలో అవే ఉండవు. ఫెన్స్ విషయంలో వెనకభాగం బ్లేడుకు 0.1 దూరంగా జరిగి ఉంటే నష్టం లేదు. దగ్గరగా ఉంటే మాత్రం కర్ర బ్లేడు వెనక పళ్లకు, ఫెన్స్‌కు మధ్య నలిగి మనమీదికే ఎగిరి తంతుంది.

ఈ తన్నును ఆపేది బ్లేడు వెనక నిలబడే రైవింగ్ నైఫ్. మన పాత మిషన్లలో చాలావాటికి దాన్ని పీకి పారేసి ఉంటారు. కొత్తది వేయించుకునేటప్పుడు మందం బ్లేడు రేకు కంటే ఎక్కువ, కోత వెడల్పు కంటే తక్కువ ఉండాలి. రేకు 2.2, కోత 2.8 అయితే నైఫ్ 2.5. దాన్ని బిగించే చోటే లేని మిషన్‌ను నేను ఎవరికీ సిఫారసు చేయను.

టేబుల్ మీద పైపై తుప్పు సమస్య కాదు, కిరోసిన్, 320 ఎమెరీతో పోతుంది. చెన్నై నుంచి వచ్చిన మిషన్లలో గాలి ఉప్పుకు కాస్త ఎక్కువే కనిపిస్తుంది. భయపడాల్సింది పగుళ్లకు. మైటర్ గాడి అంచులు, టేబుల్ మూలలు, బోల్టు చెవులు టార్చి వేసి చూడండి. వెల్డింగ్ చేసి పెయింటు వేసిన చోటు ఉందంటే ఆ మిషన్ ఎక్కడో కిందపడింది.

కరెంటు సంగతి

మూడు హెచ్‌పీ, ఆ పైన ఉన్నవి దాదాపు అన్నీ త్రీ ఫేజ్. ఇంట్లో సింగిల్ ఫేజే ఉంటే "వీఎఫ్‌డీ పెట్టుకోండి సార్" అంటారు, అంటే సింగిల్ ఫేజ్ తీసుకుని మోటారుకు త్రీ ఫేజ్ ఇచ్చే పెట్టె. నేమ్ ప్లేటు మీద 230 డెల్టా, 400 స్టార్ అని రెండూ రాసి ఉండి, టెర్మినల్ పెట్టెలో ఆరు తీగలు ఉంటేనే ఆ మాట పనికొస్తుంది. 415 డెల్టా అని మాత్రమే ఉంటే 230 వోల్ట్ల మామూలు వీఎఫ్‌డీతో దానికి పూర్తి బలం రాదు. బెస్కామ్ (బెంగళూరు కరెంటు సంస్థ) త్రీ ఫేజ్ కనెక్షనో, మోటారు మార్పిడో చూసుకోవాలి.

మోటారును 15 నిమిషాలు ఖాళీగా నడిపించి, ఆపి, ఒంటి మీద చెయ్యి పెట్టండి. ఐదు సెకన్లు పెట్టలేనంత వేడిగా ఉంటే రీవైండింగ్ నాసిరకం కావచ్చు. క్లాంప్ మీటరు ఉంటే మూడు ఫేజుల కరెంటూ దాదాపు సమానంగా ఉందో లేదో చూడాలి. సింగిల్ ఫేజ్ మోటారు హుమ్మంటూ తిరగకపోతే చాలాసార్లు కెపాసిటరే, దాన్ని బేరానికి వాడుకోండి.

మామూలు గోడ స్విచ్చు పెట్టి ఉంటే వెంటనే తీసేసి డీఓఎల్ స్టార్టర్ (కరెంటు పోతే తానే ఆఫ్ అయ్యే బటన్ల స్విచ్చు) వేయించండి. కరెంటు పోయి, మనిషి బ్లేడు దగ్గర చెక్క ముక్కలు ఏరుతుండగా మళ్లీ వస్తే, స్టార్టర్ ఉన్న మిషన్ తనంతట తాను తిరగదు.

దించుకోవడం

పోర్టబుల్ అయితే ఆటో చాలు. లోకల్ పోత ఇనుప మిషన్‌కు టాటా ఏస్. ప్యానెల్ సాకు టాటా 407 లారీ, ఎక్కించడానికి ఫోర్క్‌లిఫ్టో హైడ్రా క్రేనో కావాలి. క్యారేజి విప్పి విడిగా కట్టించండి. ఫోర్కులు, బెల్టులు మిషన్ చట్రం కిందే వేయాలి. టేబుల్ అంచు పట్టి ఎత్తారంటే అంతవరకు కొలిచినదంతా వృథా. హోసూరు వైపు నుంచి కొంటే, అమ్మేది జీఎస్టీ ఉన్న సంస్థ అయి విలువ 50 వేలు దాటితే ఈ-వే బిల్లు వాళ్లచేతే తీయించండి.

కొత్తచోట త్రీ ఫేజ్ కలిపాక బ్లేడు లేకుండా ఒక్క సెకను నొక్కి వదిలి, స్పిండిల్ ఎటు తిరుగుతోందో చూడండి. ఫేజులు తారుమారైతే స్పిండిల్ వెనక్కి తిరిగి నట్టు వదులవుతుంది. ఏవైనా రెండు ఫేజు వైర్లు ఒకదానికొకటి మార్చి బిగిస్తే దిశ సరవుతుంది. బ్లేడు వేయడం ఆ తర్వాతే.